మజ్జిగ కంత

నూజివీడు,
ఏప్రిల్ 9

మైలవరంలో ఉన్న మా అక్క దయామణికి,

తమ్ముడు సలోమోను వందనాలు. నీ చెవి మిషను మళ్ళీ కూత పెడుతోందని మీ అమ్మాయి షాలోమి చెప్పింది. ఫోన్ చేస్తే పది మాటలకు పదిసార్లు "ఏంటి?" అంటావు. బస్సెక్కి వచ్చి చెబుదామంటే గట్టిగా అరవాలి, మీ వీధంతా వింటుంది. ఇది అరిచి చెప్పే సంగతి కాదు. అందుకని రాస్తున్నాను. పని దిగాక ఎంతమంది వచ్చారో, ఎన్ని బస్తాలు పోయాయో పుస్తకంలో ఎక్కించుకోవడం తప్ప నాకు వేరే రాత అలవాటు లేదు. నువ్వు బడిపంతులమ్మగా చేసి రిటైరైనదానివి. తప్పులుంటే ఎర్ర సిరాతో దిద్ది పంపకు.

ఫిబ్రవరి నుంచి ఎక్కడ పని చేస్తున్నానో నీకు చెప్పలేదు. కావాలనే చెప్పలేదు. హనుమాన్ జంక్షన్ రోడ్డులో లక్ష్మీనరసింహారావు గారి తోట ఇల్లు. అమ్మ ఇరవై ఏళ్ళు మామిడికాయ కోసిన తోట. రావు గారు పోయారు. ఆయన భార్య ప్రమీలారాణి గారు విజయవాడలో కూతురి దగ్గర ఉంటున్నారు. కూతురు సాయి ప్రియ గారు ఆర్కిటెక్టు, నలభై ఉంటాయి. ఇద్దరూ కలిసి ఆ ఇంటిని బాగుచేయిస్తున్నారు. అన్ని చోట్లా అడిగి, పాత సున్నం పని తెలిసినవాడు నూజివీడులో సలోమోను ఒక్కడే అని తెలుసుకుని నన్ను పిలిచారు. నేను ఎవరి కొడుకునో వాళ్ళకు తెలియదు. నేను చెప్పలేదు.

సాయి ప్రియ గారి పద్ధతి వేరు. పాతదాన్ని దాచనివ్వరు, కొత్తదాన్ని పాతదిలా వేషం వేయనివ్వరు. మండువాలో టేకు స్తంభం ఒకటి అడుగున పుచ్చిపోయింది. పుచ్చినంత మేర కోయించి, అక్కడ ఇనుప కాలు పెట్టించారు, బోల్టులు పైకి కనిపించేటట్టు. వడ్రంగి నాగరాజు నా చెవిలో, "పంచె కట్టి బూట్లేసినట్టుంది మేస్త్రీ" అన్నాడు. నేనూ నవ్వాను. కానీ పని నడిచేకొద్దీ నాకు అది నచ్చుతూ వచ్చింది. ఏది ఎప్పటిదో చూసినవాడికి తెలిసిపోతుంది. మోసం లేదు.

పోయిన సోమవారం వంటింటి వెనక గోడకు ఆనించి ఉన్న పాత బీరువా జరిపాం. దాని వెనక కంత.

నీకు ఆ పేరు గుర్తుండే ఉంటుంది. ఆడవాళ్ళంతా మజ్జిగ కంత అనేవాళ్ళు. అడుగు వెడల్పు, అడుగున్నర ఎత్తు, కింద నల్లబండ. బండ బయటివైపుకు వాలి ఉంది. సాయి ప్రియ గారు దాని మీద అరచెయ్యి పెట్టి, "వాన నీళ్ళు లోపలికి రాకుండా ఎంత తెలివిగా వాలు పెట్టారో చూశారా మేస్త్రిగారూ" అన్నారు. నేను అవునన్నాను. అక్కా, ఆ వాలు వాన కోసం కాదు. ఒలికిందేదైనా మనవైపే పోవాలని.

ఇప్పుడు ప్లాను ఏమిటంటే, మనవాళ్ళు వరసగా నిలబడే ఆ వెనక జాగాలో మూడు వైపులా గాజు పెట్టి భోజనాల హాలు కడతారు. కంతలోంచి వంటింటి గిన్నెలు హాల్లోకి అందిస్తారు. కంత చుట్టూ ఇత్తడి ఫ్రేము, పైన సన్నటి లైటు. "కొత్త హాలుకి ఇదే ముఖం" అన్నారు ఆవిడ. ఎంతో సంతోషంగా అన్నారు. ఆ మనిషిలో కల్మషం లేదు.

నాకు ఆరేళ్ళు ఉంటాయేమో. అమ్మ దోసిలి పట్టేది. లోపలి నుంచి చెంబు వచ్చేది, చెంబు పట్టుకున్న చెయ్యి వచ్చేది, చేతికి ఆకుపచ్చ గాజులు. ముఖం ఉండేది కాదు. జానెడు ఎత్తు నుంచి ధార పడేది. అమ్మ సగం తాగి, మిగిలిన సగం దోసిట్లోనే నా నోటికి పట్టేది. వేళ్ళ సందుల్లోంచి కారి నా మెడ మీదా రొమ్ము మీదా పడేది. చల్లగా ఉండేది. నాకు బాగుండేది అక్కా. ఇప్పుడు నాకు అర్థం కానిది అదే. గ్లాసు ఎందుకు ఇవ్వలేదో పెద్దయ్యాక తెలిసింది. తెలిశాక ఆ చల్లదనం కూడా తప్పయిపోవాలి కదా. అవలేదు. నిన్న బీరువా జరిపిన చోట నిలబడితే ఒకే నిమిషంలో కడుపు మండింది, నోరూరింది. ఏది నాదో తెలియలేదు.

వాళ్ళతో చెప్పాలా? చెప్పకుండా ఇత్తడి ఫ్రేము బిగించి ఊరుకోవాలా? దాన్ని చూస్తూ నలుగురూ కూర్చుని భోంచేస్తుంటే, "ఎంత బాగుందో" అంటుంటే, ఆ మాట అమ్మకు ఎలా తగులుతుంది? నువ్వు నాకంటే పన్నెండేళ్ళు పెద్దదానివి. ఏం చెయ్యమంటావో రాయి. ఆలస్యం చెయ్యకు.

నీ తమ్ముడు,
సలోమోను

*

నూజివీడు,
ఏప్రిల్ 20

అక్కకు,

నీ జవాబు రాలేదు. నేను ఆగలేకపోయాను.

పదమూడో తారీఖున సాయి ప్రియ గారు విజయవాడలో ఉన్నారు. పొద్దున్నే ఫోన్ చేసి, కంత పైన ఉన్న దూలచెక్క చెదలు తినేసిందని, అలాగే వదిలితే గోడ పగులుతుందని చెప్పాను. ఆవిడ, "మీరు చెబితే అంతేనండీ. మూసెయ్యండి. చాలా ఇష్టపడ్డాను దాన్ని" అన్నారు. దూలచెక్క రాయిలా ఉంది అక్కా. నలభై ఏళ్ళ పనిలో గోడ గురించి నేను ఆడిన మొదటి అబద్ధం అది.

గంటన్నరలో మూసేశాను. మనిషిని సాయం పిలవలేదు. పెట్టిన ప్రతి ఇటుకకూ మనసు తేలికపడుతుందనుకున్నాను. పడలేదు. అమ్మ అవతల నిలబడి ఉంటే ఆమె ముఖం మీద గోడ కడుతున్నట్టుంది. అయినా ఆపలేదు. నేను అమ్మను కాపాడుతున్నానో, నన్ను నేను కాపాడుకుంటున్నానో అప్పుడూ తెలియలేదు, ఇప్పుడూ తెలియదు.

ఇంకొకటి చెబుతాను, నవ్వకు. తొందరలో సున్నం కలపలేదు. పక్కన గాజు హాలు పునాదికి కలిపిన సిమెంటు మాలు ఉంటే అదే వేసి మూసేశాను. సున్నపు గోడకు సిమెంటు పడదని ఈ తాలూకాలో ప్రతి తాపీవాడికీ చెప్పింది నేను. సున్నం ఊపిరి తీసుకుంటుంది, సిమెంటు తీసుకోనివ్వదు. తడి పక్కకు జరిగి అంచుల్లోంచి వస్తుంది. నాలుగో రోజుకు కంత అంచుల వెంట తెల్లగా ఉప్పు పూసింది. వారానికి కంత ఆకారం మొత్తం తేలింది, చుట్టూ గీత గీసినట్టు. ఇదివరకు గోడలో ఉన్న కంత కన్నా ఇదే ఎక్కువ కనిపిస్తోంది.

నాగరాజు చూసి, "ఏంటి మేస్త్రీ, గోడలో ఎవర్నైనా పూడ్చావా?" అన్నాడు. వాడికి ఎప్పుడూ వేళాకోళమే. నా ముఖం చూసి వాడే ఊరుకున్నాడు.

ఈ శుక్రవారం కాక పై శుక్రవారం తల్లీకూతుళ్ళు ఇద్దరూ వస్తున్నారు. ఆవిడ ఆ గోడను చూడగానే సిమెంటు అని పోల్చుకుంటారు, పని తెలిసిన మనిషి. చెదలు అబద్ధమని కూడా తెలిసిపోతుంది. అప్పుడు నేను ఏం చెప్పాలి? సున్నంతో మళ్ళీ పూసి ఇంకో అబద్ధం ఆడనా? పని మానేసి రానా? నువ్వు ఎందుకు రాయలేదు? ఒంట్లో బాగాలేదా, నా మీద కోపమా?

సలోమోను

*

మైలవరం,
ఏప్రిల్ 25

ఒరేయ్ సలోమోనూ,

నీ రెండు ఉత్తరాలూ నిన్న ఒకేసారి వచ్చాయి. మొదటిది ఎక్కడ నిద్రపోయి వచ్చిందో పోస్టాఫీసు వాళ్ళకే తెలియాలి. నాకు ఒంట్లో బాగానే ఉంది. నీ మీద కోపం ఉత్తరాలు చదివాక వచ్చింది. ముందు చేసేసి తరవాత అడిగే బుద్ధి యాభై నాలుగేళ్ళు వచ్చినా పోలేదు నీకు. సున్నపు గోడకు సిమెంటా? నాన్న ఉంటే తాపీ పుచ్చుకుని నీ వెంటపడేవాడు.

ఇప్పుడు నేను చెప్పేది కూర్చుని చదువు.

ఇల్లు కట్టినప్పుడు ఆ గోడకు కంత లేదు. నువ్వు పుట్టకముందు, నాకు పదేళ్ళప్పుడు పెట్టారు. పెట్టించమన్నది అమ్మ.

అంతకుముందు కూలి ఇచ్చేది తోట మధ్యలో, కాయలకు వేసే వరిగడ్డి దాచే షెడ్డులో. ఇచ్చేవాడు గుమాస్తా. మగవాళ్ళకు బయటే ఇచ్చేవాడు. ఆడవాళ్ళను ఒక్కొక్కరినే లోపలికి పిలిచేవాడు. ఇంతకంటే నేను రాయను, నువ్వు అడగకు. ఒక సాయంత్రం అమ్మ కూలి లేకుండా షెడ్డులోంచి వచ్చేసింది. మరునాడు కోతకు వెళ్ళలేదు. ఆమెను చూసి పదిహేడు మంది ఆడవాళ్ళు ఆగిపోయారు. నాలుగు రోజులు. రసాలు చెట్టు మీదే పండి రాలుతున్నాయి, తోటంతా ఈగలు. ఐదో రోజు రావు గారి తల్లి కామేశ్వరి గారు తోటలోకి నడిచి వచ్చి, "ఏం కావాలే మీకు?" అని అడిగింది. నేను అమ్మ కొంగు పట్టుకుని ఉన్నాను, నా చెవులు అప్పుడు బాగానే పనిచేసేవి.

"కూలి మీ చేత్తో ఇప్పించండమ్మా" అంది అమ్మ.

"మీరు నా వంటింట్లోకి రాకూడదు. నేను ఆ షెడ్డులోకి రాను. ఎలా ఇవ్వను?"

"గోడకు కంత పెట్టించండి. మీరు అటు, మేము ఇటు."

ఆమె చాలాసేపు అమ్మను చూసింది. సరేనంది. మరునాడు గునపం పట్టుకుని గోడ పొడిచింది నాన్నే. కూలి ఆ కంతలోంచి వచ్చింది. ఎండాకాలం మజ్జిగ కూడా అందులోంచే వచ్చింది. గుమాస్తా ఆ ఏడే మానేసి వెళ్ళిపోయాడు.

ఆవిడ మంచిదని చెప్పడానికి రాయడం లేదు. చెంబు ఎత్తి పోసేది. ఆ చెయ్యి మన చేతికి ఒక్కనాడూ తగలలేదు. బండకు వాలు పెట్టించింది ఆవిడే. నువ్వు అనుకున్నది తప్పు కాదు. కానీ గోడకు ఆ కంత అమ్మ సంపాదించింది. అవమానమూ, అమ్మ గెలుపూ, రెండూ అందులోంచే వచ్చాయి. నాకు అరవై ఆరు, విడదీసి చూడటం నా వల్ల కాలేదు. నువ్వు ఒక పూటలో ఇటుకలు పెట్టి తేల్చేద్దామనుకున్నావు.

నీకు ఎందుకు చెప్పలేదంటావు. అమ్మ చెప్పొద్దంది. మగపిల్లాడు, తెలిస్తే ఆ గుమాస్తా మీదికి కత్తి తీసుకుని పోతాడేమోనని. నువ్వు తాపీ తప్ప ఏమీ పట్టవని ఆమెకేం తెలుసు?

పని మానేసి రావద్దు. సున్నంతో కప్పొద్దు. వెళ్ళి వాళ్ళతో చెప్పు. వాళ్ళు ఏమనుకుంటారో అన్నది వాళ్ళ బాధ. కంత తెరువు. మూసే హక్కు నీది కాదు.

దయామణి

*

నూజివీడు,
మే 4

అక్కకు,

నీ ఉత్తరం వాళ్ళు వచ్చే ముందు రోజే అందింది. లేకపోతే ఏం చేసేవాణ్ణో నాకు తెలియదు. చొక్కా జేబులో పెట్టుకుని వెళ్ళాను.

సాయి ప్రియ గారు లోపలికి వస్తూనే గోడ మీద తేలిన ఆ ఆకారం చూశారు. గోరుతో ఉప్పు గీకి చూశారు. "సిమెంటు పెట్టారా? మీరా?" అన్నారు. కోప్పడలేదు, ఆశ్చర్యపోయారు. అది ఇంకా కష్టంగా ఉంది. "చెదలు లేవండీ. అబద్ధం చెప్పాను" అన్నాను. నీ ఉత్తరం తీసి ఆవిడ చేతిలో పెట్టాను. చదవమన్నాను.

ఆవిడ నిలబడే చదివారు. చదువుతుంటే ప్రమీలారాణి గారు, "ఏంటే అది? బిల్లా?" అని అడుగుతున్నారు. కూతురు మొదటి నుంచి పైకి చదివి వినిపించారు. నీ తిట్లు కూడా.

వినడం అయ్యాక పెద్దావిడ ముఖం ఎర్రబడింది. "మా అత్తగారు ఎంతమందికి మజ్జిగ పోశారో ఊరంతా చెబుతుంది. ఎండన పడి పనిచేసేవాళ్ళని ఆవిడ ఒక్కనాడూ దాహంతో పంపలేదయ్యా" అన్నారు.

"అవునండీ. పోశారు. పైనుంచి పోశారు" అన్నాను. నా నోట్లోంచి ఆ మాట ఎలా వచ్చిందో తెలియదు.

"ఆ రోజులు అలాంటివి."

"అవునండీ."

సాయి ప్రియ గారు ఇద్దరినీ చూస్తున్నారు. "అమ్మా, వంట చేసే ఉమ హాల్లోకి రానక్కర్లేకుండా ఇందులోంచి గిన్నెలు అందిస్తే చాలని చెప్పింది నువ్వు. నేను గీశాను. చాలా బాగుందనుకుని గీశాను" అన్నారు. ఆవిడకు కళ్ళనీళ్ళు వచ్చాయి. నాకు ఎటు చూడాలో తోచలేదు, గోడ నిలువు చూసే గుండుదారం చుట్టుకుంటూ కూర్చున్నాను.

కాసేపటికి ఆవిడ తేరుకుని, కంతను కింద నేల దాకా కోసేసి అక్కడే తలుపు చేసేద్దామన్నారు. మంచి మనసుతోనే అన్నారు. నేను వద్దన్నాను. "అలా చేస్తే ఇక్కడ ఎప్పుడూ తలుపే ఉన్నట్టుంటుందండీ" అన్నాను. ఆవిడ తల ఊపారు. "నా మాట నాకే చెప్పారు" అన్నారు. పెద్దావిడకు మాత్రం ఆ గోడకు తలుపన్న మాటే నచ్చలేదు. "వాస్తు చూసిన ఆయన ఆ మూల తలుపు కూడదన్నాడు. కూడదంటే కూడదు" అని తెగేసి చెప్పారు.

ముందు తెరవనివ్వమని అడిగాను. ఎవరూ కాదనలేదు. ఉలీ సుత్తీ తీసుకుని ఒక్కొక్క ఇటుకే తీశాను. పాత సున్నానికి దెబ్బ తగలకుండా తీయడానికి రెండు గంటలు పట్టింది. వాళ్ళు వెళ్ళిపోతారనుకున్నాను. పెద్దావిడ ప్లాస్టిక్ కుర్చీ వేయించుకుని అక్కడే కూర్చున్నారు. చివరి ఇటుక తీసేసరికి అవతల నాగరాజు చెత్త ఎత్తుతున్నాడు. లోపలి నుంచి చూస్తే వాడి చేతులు కనిపించాయి, మోచేతుల దాకా. తల కనిపించలేదు. గోడ మందం చూపును అలా కోస్తోంది.

ప్రమీలారాణి గారు కుర్చీలోంచి లేచి నా పక్కకు వచ్చారు. "నేనూ పోశాను" అన్నారు.

నాకు అర్థం కాలేదు.

"కొత్తగా కాపరానికి వచ్చినప్పుడు రెండేళ్ళు. అత్తగారికి భుజం నొప్పి, నన్ను పొయ్యమనేవారు. పద్దెనిమిదేళ్ళు నాకు. చేతులే కనపడేవి. ఒక చేతికి పచ్చబొట్టు, ఒక చేతికి వేలు లేదు. చేతుల్ని బట్టి గుర్తుపట్టేదాన్ని. ఒకావిడ సగం తాగి ఆపేసేది. ఇంకా పొయ్యమంటావా అంటే వద్దనేది. ఎందుకు ఆపుతుందో తెలిసేది కాదు."

అక్కా, ఎందుకు ఆపేదో నాకు తెలుసు. ఆ సగం నాకు. చెబితే ఏమవుతుందో తెలియలేదు. ఆవిడ చేతుల వైపు చూశాను, ముడతలు పడి ఉన్నాయి, ఒక బంగారు గాజు ఉంది. ఇన్నేళ్ళుగా నేను కోపం పెట్టుకున్న చెయ్యి ఎవరిదో ముసలావిడదనుకున్నాను. అది పద్దెనిమిదేళ్ళ పిల్లది. ఆ పిల్ల అటు నిలబడి, ఈవిడెందుకు సగంలో ఆపుతుందా అనుకుంటోంది.

చివరికి చెప్పాను. "ఆవిడ మా అమ్మండీ. మిగతాది నాకు పట్టేది."

ఆవిడ చెప్పులు వేసుకుని బయటికి నడిచారు. కోపం వచ్చి కారెక్కుతున్నారేమో అనుకున్నాను. కూతురు "అమ్మా, అమ్మా" అంటూ వెంట వెళ్ళబోతే చెయ్యి అడ్డం పెట్టారట. చాలాసేపటికి కంత అవతల కంకర మీద అడుగుల చప్పుడైంది. పెద్ద ఇల్లు కదా, ముందు గుమ్మం దిగి, ప్రహరీ పక్కగా తిరిగి, సిమెంటు బస్తాలు దాటి రావాలి. కంతలో ఆవిడ చేతులు కనిపించాయి, బండ అంచు పట్టుకుని.

"సలోమోనూ, ఉన్నావా?"

"ఉన్నానండీ."

"ఏం కనపట్లేదేంటయ్యా ఇక్కణ్ణించి?"

"కనపడదండీ."

ఎండ మండిపోతోంది, అటు చెట్టు నీడ కూడా లేదు, చెట్లు కొట్టేసి పునాది తీశాం. అరవై ఏడేళ్ళ మనిషి. నాకు భయం వేసింది. "లోపలికి వచ్చెయ్యండమ్మా" అన్నాను. ఆవిడ ఇంట్లోకి ఆవిడను నేను పిలిచాను. అన్నాక తెలిసింది.

"మళ్ళీ అంత దూరం తిరిగి రావాలా?"

"అంతేనండీ. ఇటు దారి లేదు."

"వాళ్ళంతా రోజూ ఇక్కడే నిలబడ్డారు కదూ" అన్నారు. ఆ తరవాత అరచేత్తో గోడను తట్టారు, కంతకు కుడివైపు, మూడడుగుల దూరంలో. నాకు లోపల వినిపించింది.

"ఇక్కడ తలుపు పెట్టు" అన్నారు. "ఆ వాస్తాయనతో నేను మాట్లాడతాను."

సాయి ప్రియ గారు పరుగున వచ్చి గోడ మీద సుద్దముక్కతో గీత గీశారు. కంత కంతలాగే ఉంటుంది. ఫ్రేము లేదు, లైటు లేదు, దాని మీదుగా గిన్నె కూడా పోదు. పక్కన కొత్త తలుపు, ఇనుప చట్రంతో, మూడున్నర అడుగుల వెడల్పు, ఏడడుగుల ఎత్తు. నిన్నటికి గోడ కోయడం పూర్తయింది. ఉమ అప్పుడే అందులోంచి మాకు టీ తెచ్చింది. నాగరాజు మొదటి గ్లాసు తీసుకుని, "ఇంతకుముందు చుట్టూ తిరిగి వచ్చేసరికి చల్లారిపోయేది" అన్నాడు. ఆమె నవ్వింది.

నా కోపం ఎక్కడికి పోయిందని అడిగితే చెప్పలేను. పోలేదు. కానీ ఎవరి మీద పెట్టుకోవాలో తెలియడం లేదు. పెద్దావిడ రోజూ ఫోన్ చేసి తలుపు ఎంతవరకు వచ్చిందని అడుగుతున్నారు. నిన్న చివర్లో ఆగి, "మీ అక్క వస్తుందా ఒకసారి?" అన్నారు. అడుగుతానన్నాను.

వచ్చే వారం బుధవారం పొద్దున తొమ్మిదింటికి మైలవరం బస్టాండు దగ్గరికి నేనే వస్తాను. మిషను తెచ్చుకోకపోయినా ఫరవాలేదు. ఆవిడ గట్టిగానే మాట్లాడతారు.

నీ తమ్ముడు,
సలోమోను